ఇసుక కింద గెట్టు

ఆఖరి తట్ట వజ్రమ్మే ఎత్తింది. ఎల్లం పారతో గీకి గీకి ఇసుకను కుప్ప చేసి తట్ట నింపితే, ఆమె వంగి ముందు మోకాలి మీదికి, అక్కడి నుంచి నెత్తి మీదికి రెండే ఊపుల్లో ఎత్తుకుంది. చుట్టబట్ట కింద నెత్తి పుండు పడి చాలా రోజులైంది. ఆ సంగతి మొగుడికి చెప్పలేదు. చెబితే పని ఆపమంటాడు. వాగు వైపు నడిచి, నిలువెత్తు పెరిగిన ఇసుక గుట్ట ఎక్కి, తట్ట బోర్లించి, వెనక్కి తిరిగి చూసింది.

పది గుంటల నల్లమట్టి బయటపడి ఉంది. చుట్టూ ఎటు చూసినా తెల్లటి ఇసుకే, మధ్యలో ఈ ఒక్క చెక్క. పాత వరి కొయ్యలు కుళ్లి అక్కడక్కడ ఇంకా మట్టిని పట్టుకొనే ఉన్నాయి. వాటిని చూస్తే వజ్రమ్మకు పానం లేచి వచ్చింది.

"అయిపాయె" అన్నది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"ఏం అయిపాయె. ఇంక ఇరువై గుంటలు ఇసుక కిందనే ఉండె" అన్నాడు ఎల్లం.

"అది ఎండకాలం తీస్త. ముందుగాల గీ చెక్కల నాటు వడనియ్యి. నాటు వడితే అమ్మనని నువ్వే అంటివి గద."

ఎల్లం పార అంచుకంటిన ఇసుకను బొటనవేలితో గీకాడు. అన్నాడు నిజమే. దసరా వెళ్లిన మర్నాడు ఇద్దరికీ జరిగిన పెద్ద పంచాయితీ అది. "ఓ ఏడు ఎండవట్టె. ఓ ఏడు కోసేముందు రాళ్లవాన కొట్టె. గీ ఏడు ఏడాది వాన ఒక్క రాత్రి కొట్టి చెరువు కట్టనే తెంపె. ఇగ ఈ కాలాన్ని నమ్మి ఏం ఎవుసం చేస్తమే, అమ్ముదాం" అని అతను, "అమ్మితే నేను పొద్దుగాల లేచి అడ్డా మీద నిలవడాల్నా" అని ఆమె. మెదక్‌లో రాందాస్ చౌరస్తా దగ్గర రోజూ పొద్దున టిఫిన్ డబ్బాలు పట్టుకొని కూలికి నిలబడే ఆడవాళ్లను చూస్తే వజ్రమ్మకు భయం. ఎవడో బండి ఆపి, మనిషిని పైనుంచి కిందికి చూసి, నువ్వు రా, నువ్వు వద్దు అంటాడు. ముప్పై గుంటలే కావచ్చు, అది ఉన్నన్నాళ్లూ తను రైతు. అది పోతే తనకు ఆ అడ్డానే గతి. చివరికి ఎల్లమే, ఈ చలికాలం యాసంగి నాటు పడితే అమ్మేది లేదు, పడకపోతే నువ్వే వచ్చి అమ్మకం కాగితం మీద సంతకం పెట్టాలె అన్నాడు. జేసీబీకి కిరాయి పెట్టే తాహతు లేదు గనుక తట్టా పారా పట్టారు.

"చెల్లె, జర నీళ్లు తాగు. ముఖం అంత పీక్కపాయె" అంటూ ఆగమ్మ సీసా అందించింది. రోడ్డుకు అవతల ఎత్తు మీద ఉన్న పొలం ఆగమ్మది. వాళ్ల బోరు నుంచే పైపు వేసి ఈ మడికి నీళ్లిస్తానన్నది. అంతటితో ఊరుకోక తను కూడా వచ్చి తట్ట మోసింది. పనిచేసినన్ని రోజులూ ఆగమ్మ ఒక్క పని మాత్రం చేయలేదు, గెట్టు మూల మీది కరెంటు స్తంభం వైపు తల తిప్పలేదు. దానికి వీపు పెట్టే వచ్చింది, వీపు పెట్టే పోయింది. వరద రాత్రి బర్రెలను విప్పుదామని పోయిన ఆమె మొగుడు ఐలయ్య, నీళ్లు తీసిన తర్వాత పడిపోయిన స్తంభం తీగల్లో చిక్కుకొని దొరికాడు. ఆ తర్వాత కరెంటోళ్లు కొత్త స్తంభం నిలబెట్టారు. అయినా ఆమెకు అది అదే స్తంభం.

మిగతావాళ్లకు మాత్రం ఆ స్తంభమే దిక్కయింది. వరద పోయాక చూస్తే గెట్లు లేవు, ఒడ్డు మీది తుమ్మలు లేవు, హద్దురాళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలియదు. వజ్రమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి విన్న మాట ఒక్కటే, స్తంభానికి వాగు దిక్కు మనది, రోడ్డు దిక్కు పక్కోళ్లది అని. ఆ పక్క పొలం మొన్నటి ఎండకాలం ఇంద్రకరణ్ కొన్నాడు, సాగు చేయకుండా పడావు పెట్టాడు, వీళ్ల ముప్పై గుంటలకు కూడా రేటు చెప్పి పోయాడు. అందుకని మొగుడూ పెళ్లాలు కొత్త స్తంభం దగ్గర నిలబడి, ఇక్కడి నుంచి మనది అని పార దింపారు. తీసిన ఇసుకను వాగు దిక్కు మోసి పోశారు. ఇసుక మీద ఇసుక పోస్తే ఎవరికేం నష్టం.

పొద్దు వాలే వేళకు రోడ్డు మీద తెల్ల కారు ఆగింది. ఇంద్రకరణ్ దిగాడు. పాత పటేండ్ల ఇంటి మనిషి. తాత కాలంలో వాళ్ల ధాన్యం బండ్లు వరుసగా పట్నం పోయేవట, ఇప్పుడు మనవడు ప్లాట్లు చేసి అమ్ముతున్నాడు. బూట్లకు ఇసుక అంటకుండా రోడ్డు అంచునే నిలబడి చూశాడు.

"ఏం ఎల్లం, గింత సాఫు చేసిన్రు?"

"నాటేస్తున్నం పటేలా" అన్నాడు ఎల్లం.

ఇంద్రకరణ్ ఏదో అనబోయి, స్తంభం వైపు ఒకసారి, మడి వైపు ఒకసారి చూసి మానుకున్నాడు. "రేపు సర్వే పెట్టిన. హద్దులు తీసి రాతి కడీలు పాతాలె. మీరు సుత ఉండుండ్రి, మళ్ల మాట రావద్దు" అని కారెక్కాడు.

"రానియ్యి, మనకేం భయం" అన్నది వజ్రమ్మ. అంత నమ్మకం ఆమెకు ఆ స్తంభం మీద.

*

సర్వేయర్ మదన్ మోహన్ మెల్లగా పనిచేసే మనిషి. మూడు కాళ్ల మిషన్ నిలబెట్టి, కన్ను ఆనించి చూసి, కాగితం మడత విప్పి చూసి, మళ్లీ కన్ను ఆనించాడు. వెంట వచ్చిన కూలీ ఒకడు ఎర్ర జెండా పట్టుకొని అతను చెయ్యి ఊపిన వైపు నడుస్తున్నాడు. ఎల్లం స్తంభం పక్కనే నిలబడి, ఇక్కడికి వస్తాడు, ఇక్కడికి వస్తాడు అని చూశాడు. జెండా స్తంభాన్ని దాటింది. నల్లమట్టి మీదుగా నడిచింది. మడి మొత్తం దాటిపోయి వాగు దిక్కున ఇసుక గుట్ట మొదట్లో ఆగింది.

"గక్కడ తవ్వు" అన్నాడు మదన్ మోహన్.

"సారు, గెట్టు ఈడ. స్తంభం కాడ" అన్నది వజ్రమ్మ.

"స్తంభాన్ని చూసి కొలువమమ్మా. నక్షా చూసి కొలుస్తం."

"మీ మిషిని తప్పు వడ్డదేమో సూడుండ్రి. మా అత్త సుత గీ స్తంభం కాణ్ణే..."

ఆమె మాట పూర్తికాక ముందే గడ్డపార టంగుమన్నది. కూలీ పక్కకు జరిగితే వజ్రమ్మ తనే మోకాళ్ల మీద కూర్చొని చేతులతో ఇసుక తోడింది. తోడిన కొద్దీ జారుతుంది పాడు ఇసుక. నల్లటి హద్దురాయి నెత్తి కనబడింది. దాని పక్కన జానెడు దూరంలో విరిగిన సిమెంటు మొద్దు, అందులోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు. చువ్వలకు ఎండిన గడ్డి, ప్లాస్టిక్ కవర్లు చుట్టుకొని ఉన్నాయి.

అప్పటిదాకా రోడ్డు పక్కన కూర్చున్న ఆగమ్మ లేచి వచ్చింది. మొద్దు దగ్గరికి వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. 

"ఈడనే" అన్నది ఆగమ్మ. "ఆయన గీడ దొరికిండు. గప్పుడు స్తంభం గీడనే ఉండె." చెయ్యెత్తి దూరంగా నిలబడ్డ కొత్త స్తంభాన్ని చూపించింది. అన్ని రోజుల తర్వాత ఇప్పుడే దాన్ని కళ్లతో చూస్తున్నది. "అది ఆడికెట్ల వోయింది?"

పోవడానికి ఏముంది. పాత చోట వాగు కోసుకుపోయిందని కరెంటోళ్లు గట్టి నేల చూసుకొని రోడ్డు దిక్కు జరిపి వేశారు. వాళ్ల మటుకు మంచి పనే చేశారు. ఆ రోజు ఊరు ఊరంతా ఐలయ్య చావు కాడ ఉంది, పొలాల్లో చూసినవాళ్లెవరు.

వజ్రమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఒక్కసారే అంతా అర్థమైంది. తను తట్ట తట్టగా ఎత్తి శుభ్రం చేసిన పది గుంటలూ ఇంద్రకరణ్‌వి. ఆ ఎత్తిన ఇసుకంతా మోసుకుపోయి పోసింది తన పొలంలో. వరద జానెడు మేట వేస్తే, తను దాని మీద నిలువెత్తు గుట్ట వేసింది. తన పొలాన్ని తన చేతులతోనే పూడ్చుకుంది.

ఎల్లం పారను కింద పడేసి ఇసుకలో కూర్చున్నాడు. "నా కండ్లు వోను" అన్నాడు. "నిలవడి పార దింపింది నేనే. నా కండ్లు వోను."

ఇంద్రకరణ్ కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. దగ్గరికి వచ్చి మర్యాదగానే మాట్లాడాడు. "నేను నిన్ననే అనుకున్న, ఎక్కడ్నో తేడా కొడుతుందని. నిజం చెప్పాల్నంటే ఇసుక ఉంటేనే నాకు ఫాయిదా. మొరం కొట్టుడు తప్పుతుండె. పోనియ్యి, తెల్వక చేసిన్రు." గుట్ట వైపు తల ఊపాడు. "కని మీ దాన్ని ఇప్పుడెవలు ముట్టుకుంటరు? మొన్న నేను చెప్పిన రేటు మొన్నటిది. ఆలోచించుకోండ్రి."

మదన్ మోహన్ రాయికి ఎర్ర రంగు పూశాడు. చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ లేక ఇసుకలోనే రుద్దుకున్నాడు.

*

నారుమడి ఆగమ్మ పొలంలో ఒక మూలన ఉంది. పొద్దున్నే వజ్రమ్మ పోయి చూసింది. నారు నాలుగాకులు దాటింది. ఈ వారం పీకకపోతే ముదిరి పిలకలు వేయదు. వంగి ఒక మొక్కను పీకి వేర్లు చూసింది, తెల్లగా బలంగా ఉన్నాయి. దాన్ని పారేయబుద్ధి కాలేదు, మళ్లీ అదే సందులో గుచ్చింది.

నాటుకు బదలు మాట కూడా అయిపోయింది. బదలు అంటే తెలియనిదేముంది, ఇవాళ నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. దానికి కూలి లేదు, రాత లేదు. ఈ పదిహేను రోజులు పొద్దున నాటు, పొద్దెక్కినంక ఇసుక అన్నట్టు వజ్రమ్మ అందరి మళ్లలో వంగింది. ఆదివారం వాళ్లంతా ఆమె మడికి రావాలి. సోమవారం ఆగమ్మది, అక్కడికి ఆమె పోవాలి. ఆ వరుసలో ఉన్న మనిషికే చావైనా పెండ్లైనా పిలుపు ముందు వస్తుంది. అందరూ ఆదివారం వస్తారు, నారు ఉంది, నీళ్లు ఉన్నాయి. నాటడానికి మడే లేదు.

నాటు పడితే చాలన్నాడు ఎల్లం, ఎవరి మడిలో అని అనలేదు. ఇంటికి వచ్చి మంచి చీర కట్టుకుంది. ఎక్కడికే అని ఎల్లం అడుగుతుండగానే రోడ్డెక్కింది. ఆటో దిగి చౌరస్తా దాటుతుంటే అడ్డా ఇంకా ఖాళీ కాలేదు. పని దొరకనివాళ్లు నలుగురైదుగురు గోడ నీడన కూర్చొని ఉన్నారు. వాళ్లలో ఒకామె తనను చూసి పక్కకు జరిగి చోటిచ్చినట్టు అనిపించింది వజ్రమ్మకు. ఆమె మామూలుగానే జరిగి ఉంటుంది. వజ్రమ్మ మాత్రం గబగబ నడిచింది.

ఇంద్రకరణ్ ఆఫీసు మేడ మీద ఉంది. గోడ నిండా పెద్ద బొమ్మ, రంగు రంగుల గళ్లు, గళ్ల చుట్టూ చెట్లు, ఒక మూలన నవ్వుతున్న కుటుంబం. కుర్చీలో కూర్చోమంటే వజ్రమ్మ అంచు మీద కూర్చుంది.

"సంతకం గురించే వచ్చినవా?" అన్నాడు ఇంద్రకరణ్.

"కాదు పటేలా. ఒక్క పంట అడుగుదామని వచ్చిన. గా పది గుంటలు మీయే, కాదంటలేను. ఇసుకైతే తీసిన. నారు ముదురుతుంది. ఒక్క యాసంగి నాటేసుకుంట. కోసినంక ఆ దిక్కు రాను."

తన నోటి వెంట ఆ మాట వస్తుంటే ఆమెకే సిగ్గనిపించింది. కౌలు అడగడం తన ఇంటా వంటా లేదు. పొలం ఉండగా పక్క పొలం బతిమాలడం ఇంకెంత అధ్వాన్నం.

 ఇంద్రకరణ్ పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్లీ తీశాడు. గోడ మీది బొమ్మలో ఉన్న ఆకుపచ్చ రంగును చూశాడు. తర్వాత నవ్వాడు.

"ఏసుకో. పైసా ఇయ్యకు. పచ్చగ ఉంటే నాకూ మంచిదే. సిటీ నుంచి వచ్చేటోళ్లకు వరి సూస్తే పానం లేస్తది, ఇసుక సూస్తే దిగుతది."

వజ్రమ్మ చేతులెత్తి దండం పెట్టింది. లేవబోతుంటే అతను మళ్లీ అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

"ఆదివారం ఒక పార్టీ వస్తున్నరు. ఏమన్న అడుగుతరు. నీళ్ల సంగతి, వాగు సంగతి. జర మంచిగ చెప్పు. నువ్వు ఏండ్ల సంది అక్కడ ఉన్నదానివి, నీ మాట వింటరు."

"గట్లనే పటేలా" అన్నది. మెట్లు దిగాక గానీ ఏ మాటకు గట్లనే అన్నదో ఆమెకు తట్టలేదు. అప్పటికి వెనక్కి పోయి అడగాలంటే ధైర్యం చాలలేదు.

*

ఆదివారం మంచు విడవకముందే ట్రాక్టర్ మడిని బురదగా దున్ని కరిగెట చేసి పోయింది. ఎల్లం నారు కట్టలు మోసి మడిలో అక్కడక్కడ విసిరాడు. ఆడవాళ్లు చీరలు మోకాళ్ల పైకి చెక్కి వరుసగా దిగారు. చలికి బురద కాళ్లను కొరుకుతున్నది. ఎడమ చేతిలో నారు పిడికిలి, కుడి చేతి బొటనవేలు చూపుడు వేలు మధ్య మూడేసి పిలకలు, గుచ్చడం, వెనక్కి ఒక అడుగు. ఆగమ్మ వజ్రమ్మ పక్కనే వంగింది. ఏ నాటులోనైనా వాళ్లిద్దరూ పక్క పక్కనే. ఇది ఇంద్రకరణ్ మడి అని అందరికీ తెలుసు. ఆ మాట ఎత్తితే వజ్రమ్మకు బాధ అని ఎవరూ ఎత్తలేదు.

"నారు మంచిగున్నది చెల్లె" అన్నది ఆగమ్మ. "గీ పంట ఇంటికొస్తే ఎల్లం పానం సుత కుదురుకుంటది. ఎండకాలం ఇద్దరం గల్సి నీ గుట్ట తీద్దాం తీయ్. మోసింది మనమే, మళ్ల మోస్తం."

వజ్రమ్మ నారు పిడికిలి పట్టుకునే ఆమె వైపు తిరిగింది. "నువ్వు లేకుంటే నేను ఏమైపోతుంటినక్కా" అన్నది. నిజంగానే అన్నది.

సగం మడి పచ్చబడ్డ వేళకు రెండు కార్లు వచ్చి ఆగాయి. ముందు దాంట్లోంచి ఇంద్రకరణ్, వెనక దాంట్లోంచి ఒక జంట. మొగుడి పేరు ప్రశాంత్, పెళ్లాం పేరు దేవిక అని వాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటుంటే తెలిసింది. ముప్పై దాటి ఉండవు ఇద్దరికీ. దేవిక చెప్పులు విడిచి గడ్డి మీద నిలబడి, మడిని, దూరంగా మంచులో మెదక్ చర్చి గోపురాన్ని ఫోనులో ఫొటోలు తీసుకుంది.

"ఎంత బాగుందో చూడు" అన్నది మొగుడితో. తర్వాత పక్కకు చూసి, "ఈ ఇసుకంతా ఏంటండీ?" అని అడిగింది.

"లెవలింగ్‌కు కొట్టించినం మేడం" అన్నాడు ఇంద్రకరణ్, కన్నార్పకుండా.

ప్రశాంత్ వాగు వైపు చూస్తున్నాడు. "వానలు మరీ ఘోరంగా పడుతున్నాయి కదా సార్. అదొక్కటే మా టెన్షన్. అమ్మ నాన్నలకు ఇక్కడ చిన్న ఇల్లు వేద్దామని. ఇద్దరే ఉంటారు."

"మీరు నన్నెందుకు అడుగుడు? పుట్టి పెరిగినోళ్లు ఈడనే ఉన్నరు, ఆళ్లనే అడుగుండ్రి. వజ్రమ్మా, జర ఇటు రా."

వజ్రమ్మ నడుము ఎత్తింది. బురద చేతులు దూరంగా పట్టుకొని గెట్టు దాకా వచ్చింది. దేవిక ఆమె కాళ్లను చూసి, "అయ్యో, చలి పెట్టదా అమ్మా?" అన్నది. మంచి పిల్ల. ఆ పిల్ల మంచిది కాకపోయినా బాగుండేది అనుకుంది వజ్రమ్మ.

"అమ్మా, ఇక్కడిదాకా వరద వస్తుందా ఎప్పుడన్నా?"

వెనక బురదలో చప్పుడు ఆగింది. నారు గుచ్చే చేతులన్నీ ఆగాయి. వెనక్కి తిరగకుండానే వజ్రమ్మకు తెలిసింది, ఆగమ్మ వంగిన మనిషి లేచి నిలబడిందని. ఇంద్రకరణ్ ఫోను చూసుకుంటున్నాడు. చెప్పు అనలేదు, వద్దు అనలేదు. ఎల్లం ఖాళీ గంపను పట్టుకొని నేల చూస్తున్నాడు.

ఎదురుగా సగం మడి పచ్చగా, సగం నల్లగా ఉంది. గట్టున ఇంకా నారు కట్టలు మిగిలి ఉన్నాయి. నిజం చెబితే ఈ కారు వెనక్కి పోతుంది. ఆ వెంటనే మడిలోంచి లేవమంటాడు పటేలు. నాటు పడదు. నాటు పడకపోతే సంతకం. సంతకం తర్వాత అడ్డా గోడ నీడ.

"రాదమ్మా" అన్నది వజ్రమ్మ. "వాగు కింద ఉన్నది. ఇంత మీదికి రాదు."

"ఎప్పుడూ రాలేదా?"

"నేను కాపురానికి వచ్చినప్పటి సంది సూడలే."

దేవిక ముఖం విచ్చుకుంది. "మీలాంటి వాళ్లు చెప్తేనే ధైర్యం అమ్మా" అని, బురద ఉందని కూడా చూడకుండా వజ్రమ్మ మోచెయ్యి పట్టుకొని వదిలింది. ప్రశాంత్ తండ్రికి ఫోను కలిపి, మనిషిని అడిగాను నాన్నా, ఏం భయం లేదంట అని చెబుతూ రోడ్డు వైపు నడిచాడు. ఇంద్రకరణ్ పోతూ పోతూ వజ్రమ్మకు తల ఊపాడు.

ఆమె మళ్లీ మడిలోకి దిగింది. ఆగమ్మ అప్పటికే వంగి నాటుతున్నది. పక్కన వంగి వజ్రమ్మ కూడా మొదలుపెట్టింది.   ఆగమ్మ చెయ్యి మామూలుకన్నా వేగంగా ఆడుతున్నది. ప్రతి పిలకనూ సరిగ్గానే గుచ్చింది, ఒక్కటి కూడా తేలలేదు. నాటు పూర్తయింది. మడి మొత్తం పచ్చబడింది. వజ్రమ్మ ఇన్నాళ్లూ కోరుకున్నది అదే.

పైపు దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు వజ్రమ్మే ముందు నోరు తెరిచింది. "అక్కా, నేను కావాల్నని..."

ఆగమ్మ పిక్కల మీది బురదను అరచేత్తో మెల్లగా తుడుస్తున్నది. తుడవడం అయ్యాక కొంగు దించుకుంది.

"ఆయన ఎందుల వోయిండు మరి?" అన్నది. కోపంగా అడగలేదు, తెలియక అడిగినట్టు అడిగింది. "వరద రాకపోతే ఆయన ఎందుల వోయిండు?"

వజ్రమ్మ కడిగిన కాళ్లనే మళ్లీ కడిగింది.

"నీళ్లు బంద్ చెయ్య, భయపడకు. నారు ఏం పాపం చేసింది" అన్నది ఆగమ్మ. "రేపు నా నాటుకు మాత్రం రాకు వజ్రమ్మా."

చెల్లె అనలేదు. పేరు పెట్టి పిలిచింది. చెప్పులు వేసుకొని, రోడ్డు దాటి, తిరిగి చూడకుండా పోయింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆమె వెంట నడిచారు. ఉన్నవాళ్లు కూడా పోయొస్తామని చెప్పకుండానే పోయారు.

*

సోమవారం పొద్దున వజ్రమ్మ ఎప్పటిలాగే సద్ది కట్టుకుంది. ఎల్లం గుమ్మంలో కూర్చొని చూస్తున్నాడు. "రావద్దని చెప్పె గదనే" అన్నాడు.

"కోపంల అన్నది. బదలు ఉన్నది నేను. పోకుంటే ఎట్ల."

మంచు ఇంకా రోడ్డు మీదే ఉంది. నడిచి నడిచి పొలాల దగ్గరికి వచ్చేసరికి అది పలచబడింది. ఆగమ్మ మడిలో ఆడవాళ్లు అప్పటికే దిగారు. నడుములు వంగి ఒక వరుస. వజ్రమ్మ రోడ్డు అంచున నిలబడి ఆ వరుసను చూసింది. ఏ నాటులోనైనా ఆగమ్మ పక్కన తన చోటు ఉంటుంది. తను ఆలస్యమైనా ఆ చోటు ఖాళీగా ఉంచి రెండు పక్కలా నాటుకుంటూ పోయేవాళ్లు. ఇవాళ ఆ సందు లేదు. ఒకరి పక్కన ఒకరు జరిగి వరుసను కలిపేశారు.

ఎవరో ఒకామె తలెత్తి చూసి, మళ్లీ వంగింది. ఆగమ్మ తలెత్తలేదు.

వజ్రమ్మ సద్ది గిన్నె పట్టుకొని అట్లాగే నిలబడింది. ఇవతల వైపు నిన్న నాటిన పది గుంటలు గాలికి కదులుతున్నాయి, ఆగమ్మ బోరు నీళ్లు సన్నగా పారుతున్నాయి. దాని వెనక తన ముప్పై గుంటలు, వాటి మీద తను పోసిన గుట్ట. గుట్ట మొదట్లో ఎర్ర రంగు రాయి.

తెల్ల కారు వచ్చి ఆమె పక్కనే ఆగింది. దాని వెనక ఇంకొక కారు, అందులో కొత్త ముఖాలు, ముసలాయన ఒకడు కిటికీలోంచి వరిని చూసి మురిసిపోతున్నాడు. ఇంద్రకరణ్ అద్దం దించాడు.

"మంచిగ దొరికినవ్ వజ్రమ్మా. జర రా, ఈళ్లకు సుత చెప్పు."

రోడ్డుకు అవతల నాటు వరుస ఒక అడుగు వెనక్కి జరిగింది. వజ్రమ్మ సద్ది గిన్నెను స్తంభం మొదట్లో పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, కారు వైపు నడిచింది.